ముడిచమురు పెరిగితే తిండి ధర పెరిగేది డీజిల్ వల్లేనా?

ధరవాకబు
చమురు పెరిగిన ప్రతిసారీ "రవాణా ఖర్చు పెరిగింది, అందుకే సరుకు ధర పెరిగింది" అంటారు. చమురు పడిపోయినప్పుడు ఆ మాట ఎత్తేవాళ్లే ఉండరు. 2014 మధ్యలో బ్యారెల్ 115 డాలర్ల దాకా ఉన్న బ్రెంట్ (ప్రపంచ ధరకు కొలమానంగా వాడే రకం) ముడిచమురు 2016 జనవరిలో 30 డాలర్ల లోపుకు దిగింది. ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఆహార ధరల సూచీ వార్షిక సగటు 2014 నుంచి 2016కి తగ్గింది దాదాపు ఐదో వంతు. అందులోనూ మంచి పంటలకూ బలపడిన డాలరుకూ వాటా ఉంది. కాబట్టి చమురుకూ తిండికీ ఉన్న ముడిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తున్నారన్నది నా వాదన. కాదనేవాళ్లు లెక్క వేసి చెప్పండి.

లారీలెక్క
రవాణా వరకు మీతో ఏకీభవిస్తాను. 25 టన్నుల ధాన్యంతో వెళ్లే లారీకి 100 కిలోమీటర్లకు సుమారు 35 లీటర్ల డీజిల్ కావాలి. వెయ్యి కిలోమీటర్లకు 350 లీటర్లు, అంటే కిలోకు 14 మిల్లీలీటర్లు. తిరుగు లోడు దొరక్క ఖాళీగా వస్తే ఇంకో 250 లీటర్లు కలుస్తాయి, కిలోకు 24 మిల్లీలీటర్లు అవుతుంది. డీజిల్ 20 శాతం పెరిగినా ధాన్యం కిలో మీద పడేది 5 మిల్లీలీటర్ల డీజిల్ ఖరీదు.

ఇంకో సంగతి. ముడిచమురు 10 శాతం పెరిగితే బంకులో డీజిల్ 10 శాతం పెరగదు. ఆ ధరలో శుద్ధి ఖర్చు, పన్నులు, పంపిణీ కూడా ఉంటాయి. ముడిచమురు వాటా సగం అనుకుంటే పెరిగేది 5 శాతం. కిరాయిలో డీజిల్ మూడో వంతు అనుకుంటే కిరాయి పెరిగేది 2 శాతం లోపే. చిల్లర ధరలో కిరాయి వాటా 5 శాతం అయితే చివరికి సరుకు మీద పడేది 0.1 శాతం.

కూరగాయలు, పండ్లు, పాలు, చేపల దగ్గర మాత్రం ఈ లెక్క మారుతుంది. చల్లబరిచే పెట్టె ఉన్న లారీలో లోడు తక్కువ పడుతుంది, ఆ యంత్రమే గంటకు 2 నుంచి 4 లీటర్లు తాగుతుంది. 16 టన్నుల లోడు, 20 గంటల ప్రయాణం, ఖాళీ వాపసు కలిపితే కిలోకు 40 మిల్లీలీటర్లకు దగ్గరవుతుంది. వలలు ఈడ్చే పడవలకైతే ఇంధనమే అతి పెద్ద ఖర్చుల్లో ఒకటి.

యూరియాబస్తా
లారీలెక్క గారి లెక్కలో తప్పు లేదు. కానీ అది పంట పొలం దాటాక మొదలయ్యే లెక్క. అసలు ఇంధనం అంతకు ముందే ఖర్చయిపోతుంది.

హెక్టారుకు 5 టన్నుల గోధుమ పండే పొలం తీసుకోండి. దున్నకం నుంచి కోత దాకా యంత్రాలకు 80 నుంచి 100 లీటర్ల డీజిల్, అంటే టన్నుకు 16 నుంచి 20 లీటర్లు. అదే పొలానికి 150 కిలోల నత్రజని వేస్తే టన్ను గోధుమకు 30 కిలోలు పడుతుంది. ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి ఖర్చయ్యే సహజవాయువు శక్తిని డీజిల్‌లోకి మారిస్తే 35 లీటర్లు దాటుతుంది. ట్రాక్టర్ తాగిన దానికి దాదాపు రెండింతలు బస్తాలోనే ఉందన్నమాట. మొక్కజొన్నను తేమతో కోసి ఆరబెట్టాల్సి వస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది. తేమ 10 పాయింట్లు దింపడానికి టన్నుకు సుమారు 30 లీటర్ల ప్రొపేన్ కాలుతుంది.

ధరవాకబు
యూరియాబస్తా గారూ, సహజవాయువు వేరు, ముడిచమురు వేరు కదండీ. అమెరికాలో గ్యాస్ ధరకూ చమురు ధరకూ ఏళ్లుగా పొంతన లేదు. దీన్ని చమురు ఖాతాలో ఎలా వేస్తారు?

యూరియాబస్తా
అమెరికా గ్యాస్ వరకు మీరన్నది నిజం. కానీ ఓడల్లో వెళ్లే ఎల్ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజవాయువు) దీర్ఘకాల ఒప్పందాల్లో చాలావాటికి ధరను బ్రెంట్‌తోనే కట్టేస్తారు. బ్రెంట్‌లో 13 శాతం అని రాసుకుంటే, బ్యారెల్ 100 డాలర్లున్నప్పుడు ఒక ఎంఎంబీటీయూ (గ్యాస్‌లోని వేడిశక్తిని కొలిచే ప్రమాణం) గ్యాస్ 13 డాలర్లు. అదీ వెంటనే కాదు, గడిచిన కొన్ని నెలల సగటు మీద లెక్కిస్తారు.

ఇక బస్తా ధర చూడండి. టన్ను యూరియాకు 0.58 టన్నుల అమ్మోనియా, టన్ను అమ్మోనియాకు సుమారు 35 ఎంఎంబీటీయూల గ్యాస్. గ్యాస్ ఒక్క డాలరు పెరిగితే యూరియా తయారీ ఖర్చు టన్నుకు 20 డాలర్లు పెరుగుతుంది. గిరాకీ గట్టిగా ఉన్నప్పుడు ప్రపంచ ధరను నిర్ణయించేది ఖరీదైన గ్యాస్‌తో నడిచే ఫ్యాక్టరీయే. చవక గ్యాస్ ఉన్నవాళ్లూ ఆ ధరకే అమ్ముతారు. యూరియా 2020లో టన్ను 250 డాలర్ల లోపు ఉండి 2022 ఏప్రిల్‌లో 900 దాటింది. ఆ మధ్య ఐరోపాలో గ్యాస్ భరించలేక అమ్మోనియా ఫ్యాక్టరీలు ఆపేశారు.

ధర పెరిగిన వెంటనే తిండి ధర కదలదు. రైతు ఎరువు తగ్గిస్తాడు, దిగుబడి పడుతుంది, ఆ ప్రభావం కోత తర్వాతే మార్కెట్‌కు చేరుతుంది. నెలవారీ గ్రాఫులు పక్కపక్కన పెట్టి సంబంధం లేదని తేల్చేవాళ్లు ఈ ఆలస్యాన్ని వదిలేస్తున్నారు.

గింజలమార్కెట్
ఇద్దరూ ఖర్చు వైపు నుంచే చూస్తున్నారు. గిరాకీ వైపు ఇంకా బలమైన ముడి ఉంది. గింజను ఇంధనంగా అమ్ముకునే దారి తెరుచుకున్నాక చమురే దాని ధరకు అడుగు మట్టం కట్టింది.

టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 415 లీటర్ల ఇథనాల్ వస్తుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే, కాబట్టి అది 275 లీటర్ల పెట్రోల్‌తో సమానం. పశువుల దాణాగా అమ్ముడుపోయే పిప్పి 300 కిలోలు మిగులుతుంది. పెట్రోల్ టోకు ధరను 275తో గుణించి, పిప్పి ధర కలిపి, తయారీ ఖర్చు తీసేయండి. మొక్కజొన్న అంతకంటే చవకైతే మిల్లు కొంటూనే ఉంటుంది. అమెరికా మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఈ దారినే పోతోంది. బ్రెజిల్ చెరకు మిల్లులు ఏది గిట్టుబాటైతే అటు, చక్కెరకో ఇథనాల్‌కో మళ్లుతాయి. పామాయిల్‌కు బయోడీజిల్‌తో ఇదే ముడి.

2014 తర్వాత మొక్కజొన్న చమురంత లోతుకు ఎందుకు పడలేదంటే, అమెరికాలో ఇంధనంలో కలపాల్సిన కోటాను చట్టమే నిర్ణయించింది. చమురు చవకైనా ఆ గిరాకీ పోలేదు. పై వైపూ ఒక అడ్డు ఉంది. మామూలు పెట్రోల్‌లో కలిపేది 10 శాతం దగ్గర ఆగితే చమురు ఎంత పెరిగినా మిల్లులు అదనంగా కొనలేవు. పెరిగేటప్పుడు, తగ్గేటప్పుడు ఒకే సూత్రం పనిచేయకపోవడానికి ఇది ముఖ్య కారణం.

లారీలెక్క
ఇది మొక్కజొన్న లాంటివాటికి సరిపోతుంది. బియ్యం సంగతేమిటి? 2008లో కొన్ని నెలల్లోనే అంతర్జాతీయ ధర దాదాపు మూడింతలైంది. అప్పట్లో బియ్యంతో ఇంధనం చేయడం పెద్దగా లేదు. పెద్ద ఎగుమతిదారులు గేట్లు మూయడం, కొనేవాళ్లు కంగారుగా నిల్వలకు ఎగబడడం దాన్ని ఎగదోశాయి. ఆ జులైలో బ్యారెల్ 147 డాలర్లను తాకింది కాబట్టి రెండింటినీ ఒకే కథలో కలిపేస్తున్నారు.

గింజలమార్కెట్
బియ్యం విషయంలో నేనూ అదే అంటాను. 2012లోనూ అంతే, చమురు పెద్దగా కదలకుండానే అమెరికా కరవుతో మొక్కజొన్న బుషెల్ (సుమారు 25 కిలోలు) 8 డాలర్లు దాటింది. అందుకే ఒక్కో సరుకును విడిగా చూడాలి. బియ్యానికి ఎగుమతి ఆంక్షలు, నిల్వలు. గోధుమకు ఎరువు, వాతావరణం. మొక్కజొన్న, చక్కెర, వంటనూనెలకు చమురు.

ధరవాకబు గారూ, మీ వాదనను పరీక్షించడానికి మొత్తం సూచీ వద్దు. టన్ను పామాయిల్ ధరలోంచి టన్ను డీజిల్ ధర తీసేసి, ఆ తేడాను వారం వారం రాసి చూడండి. తేడా సున్నా దగ్గరికో అంతకంటే కిందికో వస్తే సబ్సిడీ లేకుండానే బయోడీజిల్ వాళ్లు కొనడం మొదలుపెడతారు, అప్పట్నుంచి నూనె డీజిల్ వెంటే నడుస్తుంది. తేడా వందల డాలర్లుంటే ఆ నూనె ధరను నడిపిస్తున్నది పంట, నిల్వలు, ప్రభుత్వ కోటాలు. ఆ వారాల్లో చమురు మీద నింద వేయడం సరికాదు.