చాటర్‌బైట్ ఎరకి బాస్ చేప కొడుతోంది, కానీ చేతికి రావట్లేదు

డల్లాస్‌లో ఉంటాను, వీలున్న శనివారం లేక్ ఫోర్క్‌కి పోతుంటా. చిన్నప్పుడు చెరువు గట్టున వానపాము గుచ్చి గాలం వేసినోడినే గానీ ఈ బ్లేడెడ్ జిగ్‌లు (ముందు రేకు ఉండి, లాగితే దడదడలాడే గాలాలు) మాత్రం కొత్త.

నా దగ్గరున్నది అలాంటిదే, అర ఔన్సు చాటర్‌బైట్, వెనక తోక ఊపే రబ్బరు చేప, 7 అడుగుల మీడియం హెవీ ఫాస్ట్ (కాస్త గట్టిది, కొస దగ్గరే వంగేది) గ్రాఫైట్ రాడ్, 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). హైడ్రిల్లా నాచు పైఅంచుకి తగిలేలా లాగుతూ, చిక్కుకున్నప్పుడల్లా ఒక్క కుదుపుతో విడిపిస్తుంటే సరిగ్గా అప్పుడే కొడుతున్నాయి. దడదడమంటున్న రాడ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది, నేను టెన్షన్‌లో గట్టిగా లాగేస్తాను, అంతే, రెండు సెకన్లలో ఖాళీ. మొన్న ఐదు కొడితే ఒక్కటి చేతికొచ్చింది, అదీ జానెడు పిల్ల!

ఫైబర్‌గ్లాస్ రాడ్ అయితే మెల్లగా వంగి చేపకి ఎర మింగే టైమిస్తుందంటారు. కొనేదాకా బ్రెయిడ్ తీసి 17 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం వేస్తే సరిపోతుందా, లేక తప్పు నా తొందరదేనా? ఇంకోటి, నాచు పలచగా, లోతు నాలుగడుగులే ఉన్నచోట 3/8 ఔన్సుకి మారాలా? వాడినవాళ్లు చెప్పండి, వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నా.