కొత్త భవనాలకు గుమ్మటాలు పెడితే నగరం మనదవుతుందా?

రాతికమాను (చర్చ మొదలుపెట్టినవారు)

హైదరాబాదులో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. 265 అడుగుల ఎత్తు, తెల్లని గుమ్మటాలు. నిజామాబాద్ నీలకంఠేశ్వరాలయం, వనపర్తి రాజప్రాసాదం వంటి తెలంగాణ కట్టడాల నుంచి స్ఫూర్తి తీసుకున్నామని చెప్పారు. అమరావతిలో శాసనసభకు సూదిమొన లాంటి శిఖరం, హైకోర్టుకు బౌద్ధ స్తూపాన్ని తలపించే అంచెల పైకప్పు ఖాయం చేశారు. రెండు రాష్ట్రాల కోరికా ఒక్కటే: మన భవనం మనదని చూడగానే తెలియాలి.

ఆ కోరిక నాకూ ఉంది. నా అభ్యంతరం వేరే. దాన్నంతా పైకప్పు మీదే తీర్చుకుంటున్నాం, నేల మీద నడిచే మనిషికి ఏమీ మిగల్చడం లేదు.

పత్తర్‌గట్టీని చూడండి. చార్మినార్ 1591 నాటిది కనుక ఆ వీధి కూడా అంత పాతదని చాలామంది అనుకుంటారు. కాదు. 1908 మూసీ వరద నగరాన్ని తుడిచిపెట్టాక, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన బజారు అది. వరుసగా రాతి కమానులు, వాటి వెనక కప్పు ఉన్న నడవ, నడవలోకి తెరుచుకునే దుకాణాలు, పైన మరో అంతస్తు. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ఆ నడవలో నడవవచ్చు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక చిన్న బల్ల, దాని మీద అత్తరు సీసాలో చేతి రుమాళ్ళో. పక్కనే అద్దాల వెనక ముత్యాల హారాలు. హారం కొనేవారూ రుమాలు కొనేవారూ ఏమీ కొననివారూ ఒకే నీడలో నడుస్తారు. హైదరాబాదీతనం అంటే నాకు అదే. సచివాలయం గుమ్మటాల కింద అలాంటి నీడ ఒక్క గజమైనా ఉందా? చుట్టూ కంచె, కంచె బయట రోడ్డు, లోపలికి వెళ్ళాలంటే అనుమతి.

నడవడానికీ కూర్చోవడానికీ తావివ్వని భవనానికి ఎన్ని గుమ్మటాలు పెట్టినా అది నగరంలో కలవదని నా వాదన. కాదనేవారు చెప్పండి.

ట్యాంక్‌బండ్ సాయంత్రం

కాదనడానికే వచ్చాను, రాతికమాను గారూ. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని మీరేమంటారు? దాని కోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాలు తిరిగి విశ్వవిద్యాలయాలు చూసివచ్చారు. నమూనా గీసినవాడు బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్, అంతకుముందు ఈజిప్టులో పనిచేసినవాడు. అజంతా, ఎల్లోరా స్తంభాలనూ ఇస్లామీ కమానులనూ కలిపి కట్టారు. 1934లో పునాది వేసి 1939లో ప్రారంభించారు. ఒక ప్రభువు తన రాజ్యం ఎలా కనిపించాలనుకున్నాడో అలా కట్టించుకున్న భవనం అది. అప్పుడు మీలాంటివారు ఉండి ఉంటే అదీ అతికించిన అలంకారమే అనేవారు. ఇవాళ అది తెలంగాణకు గుండెకాయ.

ఇంకో మాట. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరుసగా నిలబెట్టింది. వాటిలో మా ప్రాంతం వారికి తగినంత చోటు దక్కలేదన్న బాధ ఏళ్ళ తరబడి ఉంది. 2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ రోజు అది ఎలా బద్దలైందో అందరూ చూశారు. విగ్రహాలు కూల్చడాన్ని నేను సమర్థించను. కానీ సొంత రాజధానిలో తన పేరు, తన రూపం కనబడని మనిషికి ఎంత మంట పుడుతుందో ఆ రోజు తెలిసింది. ఆ మంట తెలిసినవారికి గుమ్మటం ఒట్టి అలంకారం కాదు. సాయంత్రం దీపాలు వెలిగాక ఆ భవనం ముందు పిల్లలను నిలబెట్టి ఫొటోలు తీసుకునే కుటుంబాలను చూడండి. వాళ్ళ సంతోషం అబద్ధమా?

కరకట్ట

నేను గుంటూరు వైపువాడిని. మీరు ఉన్న భవనాల గురించి వాదించుకుంటున్నారు, మాకు అవే లేవు. అమరావతి ప్రభుత్వ భవనాల నమూనాకు 2016లో జపాన్ వాస్తుశిల్పి ఫుమిహికో మాకి సంస్థను ఎంపిక చేశారు. ఆ నమూనాలో ఆంధ్రుల ఆనవాలు లేదని గొడవ. తరువాత నార్మన్ ఫోస్టర్ సంస్థ వచ్చింది. ఆంధ్రత్వం తగినంత లేదని మళ్ళీ అనుమానం, సినిమా దర్శకుడు రాజమౌళి సలహా కూడా తీసుకున్నారు. దీన్ని చాలామంది ఎగతాళి చేశారు. నేను చేయను. ఉమ్మడి రాజధాని నుంచి కట్టుబట్టలతో బయటికి వచ్చామన్న భావన ఉన్నవారు తమ రూపం కోసం వెతుక్కోవడంలో నవ్వాల్సిందేమీ లేదు.

రాజధాని కోసం దాదాపు 33 వేల ఎకరాలు రైతులు ఇచ్చారు. 2019 తరువాత పని ఆగిపోయింది. సగం లేచిన స్తంభాల మధ్య ముళ్ళకంపలు మొలిచాయి, పునాది గుంతల్లో నీళ్ళు నిలిచాయి. అప్పటికే ఒక శిఖరం నిలబడి ఉంటే, రాష్ట్రమంతా దాన్ని తమ గుర్తుగా భావించి ఉంటే, దాన్ని వదిలేయడం ఏ ప్రభుత్వానికైనా అంత తేలికయ్యేదా? నీడా నడవా ఊళ్ళో జనం చేరాక వస్తాయి. జనం చేరేదాకా ఆ ఊరిని బతికించేది గుర్తే.

రాతికమాను

కరకట్ట గారూ, ఇంత బలమైన వాదన నేను ఊహించలేదు. గుర్తు నగరానికి కాపలా కాస్తుందన్న మాట ఒప్పుకుంటాను. అయితే ఆ గుర్తునైనా సరిగ్గా ఎంచుకున్నారా అన్నది నా ప్రశ్న. అమరావతి స్తూపం లోపల గది లేదు, లోపలికి ఎవరూ వెళ్ళరు. మట్టితో ఇటుకతో నిండిన గుట్ట అది. దాని చుట్టూ పలకలతో కట్టిన ప్రాకారం, ఆ ప్రాకారానికీ గుట్టకూ మధ్య ప్రదక్షిణ పథం. ఇవాళ చెన్నై మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్న ఆ పాలరాయి లాంటి పలకలను చెక్కింది, దాని చుట్టూ నడిచేవారు చూస్తారని. ఆ నడకను వదిలేసి గుట్ట ఆకారాన్ని మాత్రం పైకప్పుగా మార్చుకుంటే మనకు దక్కేది ఏమిటి? హైకోర్టుకు వచ్చే కక్షిదారు రోజంతా వాయిదా పిలుపు కోసం ఎదురుచూస్తాడు. ఆ మనిషి తిరగడానికి, కూర్చోవడానికి చుట్టూ నీడపట్టున దారి ఉంటే అది నిజంగా అమరావతి హైకోర్టు.

ట్యాంక్‌బండ్ సాయంత్రం గారూ, ఆర్ట్స్ కాలేజీ ఉదాహరణ నా వాదననే నిలబెడుతోంది. కట్టించింది నిజాం, గీసింది బెల్జియం మనిషి. అయినా అది తెలంగాణది ఎలా అయింది? 1969లోనూ 2009లోనూ ఆ మెట్ల ముందు విద్యార్థులు గుమిగూడారు కనుక. అంతమంది చేరడానికి ముందు అంత ఖాళీ స్థలం, అన్ని మెట్లు ఉన్నాయి కనుక. మీరు చెప్పిన కుటుంబాల సంతోషం నిజమే. వాళ్ళు ఆ ఫొటో రోడ్డుకు ఇవతల నిలబడి తీసుకుంటున్నారన్నదే నా బాధ.

తూర్పువాడ

అందరి వ్యాఖ్యలూ చదివాను. నీడ, నడక, మెట్లు బాగున్నాయి. పాతదంతా అందరిదీ అన్నట్టు మాట్లాడటం మాత్రం నాకు మింగుడుపడటం లేదు. పల్లెల్లో వీధి అరుగులను గొప్పగా చెబుతారు, దారిన పోయేవారు కూర్చునేవారని. మా ఊళ్ళో ఆ అరుగుల మీద మా తాత ఎన్నడూ కూర్చోలేదు. ఆ వీధిలోకి చెప్పులతో వెళ్ళలేదు కూడా. మా వాడ ఊరికి ఏ దిక్కున ఉండాలో, ఏ బావి నీళ్ళు తోడుకోవాలో అప్పటివాళ్ళే నిర్ణయించారు. కులం ఊరి నక్షాను గీసింది. అస్తిత్వం కట్టడాలను ఎలా మలుస్తుందని అడిగేవారు ముందు దాన్ని చూడాలి.

నేను హైదరాబాదుకు వచ్చాక నాకు నచ్చినవి మీకు నచ్చని అద్దాల భవనాలే. లిఫ్టులో నా పక్కన నిలబడినవారు నేనెవరో అడగరు. కానీ అదే ఉద్యోగపు జీతంతో అద్దె ఇల్లు వెతికితే తలుపు దగ్గరే అడుగుతారు, ‘మీరేమిట్లు?’ అని. ‘శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు కడతారు. నా ముస్లిం సహోద్యోగి మంచి జీతం ఉండి కూడా ఆఫీసు దగ్గర ఇల్లు దొరక్క పాతబస్తీ నుంచి రోజూ వస్తాడు. నగరం ఎవరిది అన్న ప్రశ్న అక్కడ తేలుతుంది, గుమ్మటాల దగ్గర కాదు.

అలాగని గుర్తులు వద్దని నేను అనను. 2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. మా అమ్మను తీసుకువెళ్ళాను. ఆమె చెప్పులు విడిచి చాలాసేపు తల పైకెత్తి అలాగే నిలబడింది. రాజధాని నడిబొడ్డున తలవంచకుండా పైకి చూడగలగడం ఆమెకు ఏమిటో నేను మీకు వివరించలేను. ఆ విగ్రహమూ కావాలి, ఆ అద్దె ఇల్లూ కావాలి.

రాతికమాను

తూర్పువాడ గారూ, మీ అమ్మగారికి నా నమస్కారం. అరుగు గురించి మీరన్నది ఈ చర్చలో అందరం ముందు ఆలోచించాల్సిన మాట. పత్తర్‌గట్టీని నేను ఇష్టపడేది పాతదని కాదు. ఆ నడవ ఏ ఇంటివారిదీ కాదు, నగరానిది. అరుగు మీద కూర్చోనివ్వాలో వద్దో యజమాని ఇష్టం. నడవలో నిలబడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ తేడా మీకూ ముఖ్యమేననుకుంటాను.

నక్షాగది

ఇళ్ళ నక్షాలు గీయడం నా వృత్తి. ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. ఇవాళ ఎవరైనా పత్తర్‌గట్టీ లాంటి వీధి కట్టాలనుకుంటే సాధారణ అనుమతుల్లో కట్టలేరు. 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, అదే 168 నంబరు జీవో, ఎత్తునూ స్థలాన్నీ రోడ్డు వెడల్పునూ బట్టి భవనం చుట్టూ సెట్‌బ్యాక్, అంటే ఖాళీ జాగా, వదలమన్నాయి. 2017లో ఆంధ్రకు వేరే నిబంధనలు వచ్చినా ఈ షరతు పోలేదు. గాలికీ వెలుతురుకూ అగ్నిమాపక వాహనాలకూ అది అవసరమే. కానీ భవనం రోడ్డు నుంచి వెనక్కి జరిగాక మధ్యలో ప్రహరీ లేస్తుంది, కింది అంతస్తు కార్లకు పోతుంది. వీధిలో నడిచే మనిషికి ఒకవైపు గోడ, ఇంకోవైపు వాహనాలు. నిజామాబాద్‌లోనైనా నెల్లూరులోనైనా ఒకే దృశ్యం. మన ఊళ్ళన్నీ ఒకేలా తయారవడానికి అద్దాల మోజు కంటే ఈ నిబంధనలే పెద్ద కారణం. నా దగ్గరికి వచ్చేవారు ముందు అడిగేది వాస్తు, తరువాత కార్లు ఎన్ని పడతాయని. నీడ కావాలని అడిగినవారు తక్కువ.

అమరావతి బృహత్ ప్రణాళికను సింగపూర్ సంస్థలే గీశాయి కదా. ఆ సింగపూర్ పాత వీధులకు ఇవాళ ఉన్న ముఖం ఒక నిబంధన వల్ల వచ్చింది. 1822లో బ్రిటిష్ అధికారి రాఫెల్స్ నగర ప్రణాళిక వేయిస్తూ, ప్రతి దుకాణం ముందూ కప్పు ఉన్న నడవ వదలాలని, అది వీధి పొడవునా తెగకుండా సాగాలని ఆదేశించాడు. ఐదడుగుల దారి అంటారు. చీనా, మలయ్, తమిళ దుకాణాల ముఖాలు వేటికవే వేరు, దారి మాత్రం అందరికీ ఒకటే. వాళ్ళ నుంచి నక్షా తెచ్చుకున్నాం, ఆ ఒక్క వాక్యం తెచ్చుకోలేదు. అమరావతి వాణిజ్య వీధులకు ఇప్పటికైనా దాన్ని రాయవచ్చు. శిఖరానికి అయ్యే ఖర్చులో ఇది లెక్కలోకి రాదు.

కరకట్ట

నక్షాగది గారూ, దీన్ని మా రైతు సంఘం సమావేశంలో పెడతాను. మేమిచ్చిన భూమికి బదులుగా మాకు తిరిగి ఇచ్చే వాణిజ్య ప్లాట్లలో ముందు భాగం నడవకు వదలమంటే మొదట గొడవ చేసేది మావాళ్ళే. అయినా పెడతాను. శిఖరం మాత్రం వదులుకోను.

తూర్పువాడ

పెట్టండి. ఆ నడవలో బల్ల వేసుకుని అమ్ముకునేవారికి చోటు ఎవరు ఇస్తారో కూడా అందులోనే రాయించండి. లేకపోతే ప్రారంభోత్సవం మర్నాడే వాళ్ళను తోలేస్తారు.

నక్షాగది

దానికి చట్టం ఉంది. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, తమలో తాము ఎన్నుకున్నవారే అయివుండాలి. కరకట్ట గారూ, ఆ కమిటీ వేయకముందు వీధుల నక్షా ఖరారు చేయవద్దని మీ తీర్మానంలో చేర్చండి. ముసాయిదా నేను రాసి ఇస్తాను.