ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో 112 (ఎమర్జెన్సీ నంబరు) కొడితే ఆంధ్ర కేంద్రం ఎత్తుతోంది. రూటింగ్ సంగతి, కంట్రోల్ రూము ఖర్చు సంగతి

కిమిడి_వార్డు:
మహేంద్రతనయ ఏటి ఒడ్డు వీధుల్లో 112 కొడితే ఒక్కోసారి భువనేశ్వర్ బదులు ఆంధ్ర కేంద్రం పలుకుతోంది. సిమ్ ఒడిశాదే. అవతలివాళ్లు "ఏ మండలం?" అంటారు, ఇక్కడేమో బ్లాకులు. దీన్ని ఎవరు సరిచేయాలి?

రెండోది. ఫైర్ స్టేషన్, ఆసుపత్రి, పోలీసు మూడింటికీ కలిపి చిన్న కంట్రోల్ రూము కోసం ప్రతిపాదన రాస్తున్నాం. వచ్చిన కొటేషన్లో సగం పైగా గోడంత వీడియో తెరకే ఉంది. ఎన్ని లైన్లు, ఎంత బ్యాటరీ, ఎంతమంది కావాలి? ఏ పద్దు కింద అడగాలి?

టవర్_లెక్క:
సిమ్ ఎక్కడిదన్నది లెక్కలోకి రాదండి. కాల్‌ని ఏ టవరు అందుకుంటే ఆ సర్కిల్ (టెలికాం లెక్కలో రాష్ట్రం) కేంద్రానికే 112 పోతుంది. ఏరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. అటు టవరు సిగ్నల్ మీ వీధిలో బలంగా ఉంటే ఫోను దాన్నే పట్టుకుంటుంది. పైగా సొంత కంపెనీ సిగ్నల్ లేని చోట 112 కోసం ఫోను దొరికిన ఏ కంపెనీ టవరైనా వాడుకుంటుంది. ఫోను తెర మీద 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని ఉన్నా 112 కలిసేది అందుకే. 108కి (అంబులెన్సు నంబరు) ఆ భరోసా లేదు, అది ఫోనునూ సిమ్‌నూ బట్టి ఉంటుంది. పోస్టరు మీద 112 పెద్దగా వేయించండి.

ఫిర్యాదు నోటిమాటగా పెడితే ఎవరూ కదలరు. నెట్‌వర్క్ వివరాలు చూపే యాప్ ఒకటి పెట్టుకుని వీధి వీధిలో ఎంసీసీ-ఎంఎన్‌సీ (దేశం కోడ్, కంపెనీ కోడ్; మన దేశానికి ఎంసీసీ 404 లేదా 405), ట్యాక్ (టవర్ల గుంపు నంబరు), సెల్ ఐడీ (టవరు సెల్ నంబరు), అక్షాంశ రేఖాంశాలు, సిగ్నల్ బలం రాసుకోండి. చాలా కంపెనీలకు ఎంఎన్‌సీ సర్కిల్‌కొకటి ఉంటుంది కాబట్టి టవరు ఏ రాష్ట్రానిదో అక్కడే తేలిపోతుంది. ఒక్కో చోట పగలొకసారి, రాత్రొకసారి, ప్రతి కంపెనీ సిమ్‌తోనూ చూడాలి. పరీక్ష కోసమని ఊరికే 112 కొట్టొద్దు. 112 కేంద్రంతో ముందే మాట్లాడి ఒక గంట ఖాయం చేసుకుని అప్పుడే కొట్టండి. ఆ పట్టికను కంపెనీ నోడల్ అధికారికి, టెలికాం శాఖ ఒడిశా ఎల్‌ఎస్‌ఏ (ఆ రాష్ట్ర సర్కిల్‌ని చూసే) కార్యాలయానికి పంపండి.

యాంటెనా కిందికి వంచడం, దిక్కు మార్చడం కొంతవరకు పనిచేస్తాయి. ఆ సెల్ ఐడీ మొత్తాన్ని ఒడిశాకి మళ్లించమని మాత్రం అడగొద్దు, అప్పుడు పాతపట్నం వాళ్ల కాల్స్ భువనేశ్వర్‌లో మోగుతాయి! రెండు కేంద్రాల మధ్య బదిలీ లైను ఉండటమే అసలు మందు. ఆంధ్ర ఆపరేటరు అవతల మనిషి పలికేదాకా లైనులోనే ఉండి, ఊరి పేరూ తిరిగి చేయాల్సిన నంబరూ అప్పజెప్పి తప్పుకోవాలి. "ఆ నంబరుకి చేసుకోండి" అని పెట్టేయడం బదిలీ కాదు.

బ్యాటరీ_మాస్టారు:
వీడియో తెర కొట్టేయండి. కాల్ ఎత్తేది తెర కాదు.

లైన్ల లెక్క చూడండి. రద్దీ గంటలో 40 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలనుకుంటే 2 ఎర్లాంగ్‌లు (అంటే సగటున ఒకేసారి రెండు కాల్స్ నడుస్తున్నట్టు). నూటికి ఒక్క కాల్ కన్నా తక్కువ బిజీ తగలాలంటే 7 లైన్లు చాలు. తుపాను రోజున నాలుగింతలైతే 8 ఎర్లాంగ్‌లు, 15 లైన్లు. ఒక పీఆర్‌ఐకి (కంపెనీ ఇచ్చే ఒకే డిజిటల్ ఫోను లైను) 30 చానళ్లుంటాయి కాబట్టి లైన్లకు కొరత లేదు. కానీ రెండు పీఆర్‌ఐలు, రెండు కంపెనీలవి, వేర్వేరు దారుల్లో వచ్చేలా తీసుకోండి. రెండూ ఒకే కాలువ గట్టు వెంట వస్తే రోడ్డు తవ్వినవాడు ఒక్క పారతో రెండూ కోసేస్తాడు.

ఇబ్బంది మనుషుల దగ్గర. 8 ఎర్లాంగ్‌లంటే ఒకేసారి సగటున ఎనిమిది మంది మాట్లాడుతూ ఉండాలి. కాబట్టి మామూలు వేళకి రెండు సీట్లు, రద్దీ గంటకీ తుపానుకీ హెడ్‌సెట్లతో మరో ఎనిమిది చోట్లు సిద్ధంగా పెట్టండి. వారానికి 168 గంటలు, మనిషికి 48 గంటలు. సెలవులు కలిపితే ఒక్క సీటుకి దాదాపు ఐదుగురు. రెండు సీట్లకి పది జీతాలు. తెలుగు, ఒడియా ఎటూ తప్పవు, ప్రతి షిఫ్టులోనూ సవర (ఇక్కడి గిరిజన భాష) వచ్చినవాళ్లు ఒకరైనా ఉండాలి.

కరెంటు: మూడు కంప్యూటర్లు 450 వాట్లు, ఫోను సర్వరు, స్విచ్, రూటరు 250, దీపాలు, వైర్‌లెస్ 100, మొత్తం 800. నాలుగు గంటలకు 3,200 వాట్-అవర్లు. ఇన్వర్టరు నష్టం (0.85), లెడ్ బ్యాటరీని సగం కన్నా దించకూడదన్న నియమం కలిపితే 7,500 పైచిలుకు. 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు నాలుగు సరిపోతాయి. ఏసీని ఈ లైను మీద వేయొద్దు, లెక్కంతా తలకిందులవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాని ఎలా ఊపిందో తెలిసినవాళ్లు 72 గంటలకు తక్కువ డీజిల్ పెట్టరు: చిన్న జనరేటరుకి గంటకు లీటరనుకున్నా 100 లీటర్లు చేతిలో ఉండాలి. నెలకోసారి మెయిన్ స్విచ్ ఆపేసి అరగంట లోడు మీద నడపండి. లోడు లేకుండా మోగించి "బాగానే ఉంది" అనుకుంటే అసలు రోజున స్టార్టింగ్ బ్యాటరీ చచ్చి ఉంటుంది.

పద్దుల_పుస్తకం:
నిర్భయ నిధిని (మహిళల భద్రతకు కేంద్ర ప్రభుత్వ నిధి) జిల్లా నుంచి అడగొద్దు. 112 వ్యవస్థకు ఆ నిధి కింద మంజూరైన 321.69 కోట్లు రాష్ట్ర కేంద్రాల కోసం. మీ సీట్లు రాష్ట్ర 112కి డిస్పాచ్ కొసగా (బండిని పంపే చోటుగా) కలుస్తాయని రాష్ట్రం ఒప్పుకుంటే ఆ దారి వేరు.

యంత్రాలకూ గదికీ ఎంపీల్యాడ్స్ (ఎంపీ స్థానిక అభివృద్ధి నిధి) చూడండి. ఎంపీకి ఏటా 5 కోట్లు, ఆస్తికి ఇస్తారు, జీతాలకు ఇవ్వరు. ఫైర్ స్టేషన్ వాటాకు 2023లో మొదలైన అగ్నిమాపక ఆధునికీకరణ పథకం ఇంకా నడుస్తోందో లేదో కనుక్కోండి, మొత్తం 5,000 కోట్లు, ఒడిశాలాంటి రాష్ట్రాలు 25 శాతం పెట్టుకోవాలి. 2021-26 విపత్తు నిధి విభజనలో 10 శాతం సన్నద్ధతకు, సామర్థ్యం పెంచడానికి పెట్టారు. ఇప్పటి విభజన చూసుకుని శిక్షణ అందులో అడగండి. రాయగడ, కొరాపుట్ వాళ్లు గని జిల్లాల్లో ఉన్నారు కాబట్టి డీఎంఎఫ్ (జిల్లా ఖనిజ నిధి) తలుపూ తట్టొచ్చు. గజపతికి ఆ అదృష్టం అంతగా లేదు. టవరే లేని కొండ ఊళ్ల కోసమైతే కంట్రోల్ రూము ప్రతిపాదనలో కలపకుండా డిజిటల్ భారత్ నిధి (మారుమూల టెలికాం సేవలకు కేంద్ర నిధి) కింద విడిగా రాయండి.

ఐదేళ్ల ఏఎంసీని (ఏటా నిర్వహణ ఒప్పందం) టెండరు ధరలోనే కలపాలి. లేకపోతే వారంటీ తీరిన నాడే కాల్ రికార్డరు ఆగుతుంది, బాగుచేయించడానికి పద్దు దొరకదు.

కిమిడి_వార్డు:
తెర తీసేశాం. బదిలీ అయిన కాల్‌లో చెప్పిన ఊరి పేరు మన జాబితాలో పేరుతో కలవకపోతే?

టవర్_లెక్క:
ఊళ్ల జాబితాలో ప్రతి ఊరికీ ఎల్‌జీడీ కోడ్ (కేంద్ర ప్రభుత్వ ఊళ్ల జాబితాలోని నంబరు) ఒక్కటే పెట్టి, పేర్లు ఎన్ని ఉంటే అన్నీ దాని కింద వేయండి. పర్లాకిమిడి అన్నా పారళాఖేముండి అన్నా ఒక ఊరే, బరంపురం అన్నా బ్రహ్మపుర అన్నా ఒక ఊరే. వీధుల వాడుక పేర్లూ గుడి, చెరువు గట్టు, రైల్వే గేటు లాంటి గుర్తులూ అందులోనే. రెండు రాష్ట్రాల కేంద్రాలకూ ఒకే ఫైలు ఇవ్వండి, సరిహద్దు అవతల పది కిలోమీటర్ల మేర ఊళ్లు కూడా ఉండాలి. ఆపరేటరు మొదట అడగాల్సింది చోటు, తర్వాతే ఏమైందో. లైను తెగినా బండి బయల్దేరుతుంది.