ట్యూబ్ మైక్ ప్రీయాంప్‌కి ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్: 1:10 తీసుకోవాలా, 1:5 చాలా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, పెదవాల్తేరు. పాతకాలం పద్ధతిలో ట్యూబ్ మైక్ ప్రీయాంప్ (మైక్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే పెట్టె) ఒకటి ఇంట్లోనే కడుతున్నాను. మొదటి స్టేజ్ 12ఏఎక్స్7 ట్యూబ్. పవర్ సప్లై, చాసిస్ అయిపోయాయి. మైక్‌కీ ట్యూబ్‌కీ మధ్య ఉండి వోల్టేజ్ పెంచే ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోయాను.

మా నాన్నగారు తప్పెటగుళ్ల బృందంలో పాడేవారు. ఇప్పుడు గొంతు సన్నబడింది. ఆయన పాట, ఆ బృందం ఆట రెండూ రికార్డు చేసి దాచుకోవాలని నా ఆశ. చిక్కంతా అక్కడే. నాన్నగారి గొంతుకి ఎస్‌ఎం57 అనే డైనమిక్ మైక్ పెడితే సిగ్నల్ చాలా చిన్నది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి 1:10 అయితే ట్యూబ్ కంటే ముందే 20 డీబీ (వోల్టేజ్ పది రెట్లు) పెరుగుతుంది, నాయిస్ తగ్గుతుంది. అదే పదిహేను మంది గుండెల మీద రేకు తప్పెట్లు వాయిస్తుంటే, కండెన్సర్ మైక్ ఇచ్చే లెవెల్‌కి ఆ 20 డీబీ కూడా కలిసి ట్యూబ్ క్లిప్ అవుతుందని (తట్టుకోలేక శబ్దం చెడిపోతుందని) టెన్షన్. 1:5 అయితే 14 డీబీయే.

జెన్సెన్ జేటీ-115కే-ఈ (1:10), లుండాల్ ఎల్‌ఎల్1538 (1:5) చూస్తున్నాను. రెండూ కొనే స్తోమత లేదు. ముందు ఊళ్లోనే ఒకటి చుట్టించాను, బయటి అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూమెటల్ డబ్బా లేకుండా. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి జానెడు దూరంలో పెడితే ఒకటే హమ్. చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పితే ఒక కోణంలో దాదాపు పోతుంది, ఇంకాస్త తిప్పితే మళ్లీ మొదలు.

1:10 తీసుకుని, తప్పెట్లకి మాత్రం ముందు 20 డీబీ ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే రెసిస్టర్లు) పెడితే సరిపోతుందా? సెకండరీ (ట్యూబ్ వైపు చుట్ట) మీద 150 కిలో ఓమ్స్ రెసిస్టర్ పెడితే మైక్‌కి 1500 ఓమ్స్ కనిపిస్తుంది కదా, మీరూ అంతే పెట్టారా? ఈ సముద్రపు గాలికి టెర్మినల్స్ చిలుం పట్టకుండా ఏం చేస్తున్నారో కూడా దయచేసి చెప్పండి.