శరణార్థి మహిళలతో మాట్లాడేటప్పుడు వారి గతం గురించి అడగవచ్చా?

ప్రశ్న (సాయంత్రం బడి నడిపే టీచర్, హైదరాబాదు)

అందరికీ నమస్కారం. బాలాపూర్ ప్రాంతంలో, మయన్మార్ (బర్మా) నుంచి శరణు కోరి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉండే ఒక బస్తీలో, ఏడాదిగా వారానికి రెండు సాయంత్రాలు ఆడవాళ్లకు బస్సు బోర్డులు, మందుచీటీలు, అంకెలు చదవడం నేర్పుతున్నాను. వీరిలో కొందరు అక్కడి రఖైన్ రాష్ట్రంలో 2012లో జరిగిన అల్లర్ల తరువాత, మరికొందరు 2017 ఆగస్టులో అక్కడే జరిగిన దాడుల తరువాత బయలుదేరి వచ్చినవారు. ఉర్దూలో కొంతవరకు మాట్లాడుకోగలుగుతున్నాం.

ఈ మధ్య ఒకామె పలక ముందు పెట్టుకొని గంటసేపు అలాగే కూర్చుండిపోతున్నది. రాత్రి నిద్ర పట్టడం లేదనీ, ఒళ్లంతా మంటగా ఉంటుందనీ చెప్తుంది. దవాఖానాలో నొప్పి మాత్రలు ఇచ్చి పంపారు. ఊరిలో ఏం జరిగిందో అడిగి, మనసులో ఉన్నదంతా చెప్పిస్తే బరువు దిగుతుందని నాతో వచ్చే మిత్రులు అంటున్నారు. నాకు మాత్రం అడగడానికి నోరు రావడం లేదు. శిక్షణ లేని నాలాంటివారు ఇటువంటప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిసినవారు చెప్పగలరా?

మొదటి సమాధానం (విశ్రాంత మానసిక వైద్య నర్సు)

అమ్మా, మీకు నోరు రాకపోవడమే సరైనది. ఘోరం చూసినవారిని కూర్చోబెట్టి మొత్తం చెప్పించడం మేలు చేస్తుందని ఒకప్పుడు చాలామంది నమ్మేవారు. అది ఉపయోగపడదనీ, కొందరికి కీడు కూడా చేయవచ్చనీ తేలింది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేయడం లేదు. ఆమె తనంతట తాను చెబితే వినండి, మధ్యలో ఆపివేస్తే ఆపనివ్వండి, ‘తరువాత ఏమైంది’ అని మాత్రం అడగకండి.

ఒళ్లు మంట అన్న మాటను తేలికగా తీసుకోవద్దు. మన పల్లెల్లో రంది, మనాది, బెంగ అన్నట్టే వారికీ తమ మాటలున్నాయి. రోహింగ్యా భాషలో మనసు బాగోలేదని చెప్పడానికి అశాంతి, చింత అన్న మన మాటలకు దగ్గరి మాటలే వాడతారు, బాధను ఒంటి నొప్పిగా, మంటగా చెప్పడమూ ఎక్కువే. ‘డిప్రెషన్’ అని మీరు పేరు పెట్టనక్కరలేదు. ఆమె ఏ మాట వాడితే ఆ మాటతోనే అడగండి: ఈ వారం అశాంతి ఎక్కువైందా, తగ్గిందా, ఎప్పుడు ఎక్కువవుతుంది, అని. రాత్రి పొద్దుపోయాక ఎవరైనా తలుపు కొడితే ఎక్కువవుతుందని ఆమె చెప్పవచ్చు. అప్పుడు మీకు తెలిసేది పదేళ్ల కిందటి సంగతి కాదు, ఇవాళ్టి భయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వెలువరించిన ఒక పద్ధతి ఉంది. వైద్యులు కానివారు, శిక్షణ పొందాక, ఒక్కొక్కరితో ఐదు విడతలు కూర్చొని చేసేది. నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం, తమ చేతిలో ఉన్న ఒక సమస్యను విడదీసి చిన్న పనిగా మార్చుకోవడం, మానేసిన పనుల్లో ఒకదాన్ని తిరిగి మొదలుపెట్టడం, ఆసరాగా నిలిచే మనుషులను దగ్గర చేసుకోవడం అందులోని ముఖ్యాంశాలు. శిక్షణ లేకుండా దానిని యథాతథంగా చేయవద్దు, కానీ దాని వరుసను గమనించండి: ముందు నేటి సమస్య. శరణార్థి కార్డు గడువు, ఇంటి అద్దె, కూలి దొరకని రోజులు, పిల్లవాడి బడి, ఇవి కదలకుండా ఉంటే ఏ మాటలూ నిద్ర పట్టించలేవు.

ఒక్క విషయంలో మాత్రం సంకోచించవద్దు. చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి తోడుగా వెళ్లండి. దారి తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి.

రెండవ సమాధానం (దుభాషిగా పనిచేసే వ్యక్తి)

నర్సు గారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. నేను చూసిన పెద్ద తప్పు, ఉర్దూ బాగా వచ్చిన పదేళ్ల కూతురిని తల్లికి దుభాషిగా కూర్చోబెట్టడం. తల్లి కూతురి ముందు చెప్పలేనిది దాచిపెడుతుంది, కూతురు వినకూడనిది వింటుంది. వీలైతే ఆడమనిషినే తీసుకువెళ్లండి, అదీ ఆ గల్లీలో ఉండే మనిషి కాకుండా. చిన్న బస్తీలో మాట బయటకు పొక్కితే ఆమె మళ్లీ మీ బడికి రాదు. మీరు మాట్లాడేటప్పుడు దుభాషి వైపు కాక ఆమె వైపే చూడండి.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. శరణార్థుల విషయంలో 1951 అంతర్జాతీయ ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు కాబట్టి ఐక్యరాజ్యసమితి కార్డు చూపించినా కౌంటర్లలో వెనక్కి పంపడం జరుగుతుంటుంది. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ ప్రభుత్వ సేవలను పొందే హక్కు ‘ప్రతి వ్యక్తి’కీ ఉందని అంటుంది, పౌరుడు అనదు. ఆ సెక్షన్ ప్రతిని చేతిలో పెట్టుకొని గొంతు పెంచకుండా అడిగితే, ఒకసారి పంపిన గుమాస్తానే రెండవసారి చీటీ రాసి ఇవ్వడం నేను చూశాను.

మూడవ సమాధానం (విశాఖపట్నం నుంచి)

మాది కంచరపాలెం వైపు. మా నాయనమ్మ 1960ల నడుమ రంగూన్ నుంచి ఓడలో వచ్చింది. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసి, 50, 100 చాట్ నోట్లను రద్దు చేసినప్పుడు, తరాలుగా అక్కడ బతికిన తెలుగువారి సంపాదన ఒక్కసారిగా చేజారిపోయింది. ఇక్కడికి వచ్చాక ఆమె రేషన్ కార్డును మూడు గుడ్డల్లో చుట్టి తలగడ కింద పెట్టుకొని, రాత్రిపూట లేచి ఉందో లేదో తడిమి చూసుకునేది. అందరం చాదస్తం అనేవాళ్లం. ఆ మాట ఇప్పుడు నన్ను బాధిస్తుంది.

ఆమెను ఎవరూ గతం అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. కానీ బర్మా నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరి బర్మీస్ భాషలో మాట్లాడుకుంటూ ఖౌస్వే అనే అక్కడి నూడుల్స్ వంటకం వండుకున్న సాయంత్రం మాత్రం ఆమె ముఖం వేరుగా ఉండేది. మావాళ్లకు ఈ దేశం పౌరసత్వాన్నీ పునరావాసాన్నీ ఇచ్చింది, బర్మా 1982 పౌరసత్వ చట్టం తరువాత రోహింగ్యాలకు ఏ దేశమూ తమదని చెప్పుకునే వీలు లేకుండా పోయింది. ఆ తేడా చిన్నది కాదు. అయినా మీ బడిలో నెలకొక సాయంత్రం పాఠం ఆపి, వారి భాషలో వారిని మాట్లాడుకోనిచ్చి, వారి వంట వండుకోనిస్తే బాగుంటుందనిపిస్తోంది. మీరు పక్కన కూర్చుంటే చాలు.

మళ్లీ టీచర్

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న ఆమెను గతం అడగలేదు. అశాంతి ఎప్పుడు ఎక్కువవుతుందని అడిగితే, భర్త కూలికి వెళ్లి చీకటి పడేదాకా రానప్పుడు అని చెప్పింది. చనిపోవాలని లేదంది. ఆ వేళకు పక్కింటి ఆమె ఇద్దరు పిల్లలతో వచ్చి కూర్చోవడానికి ఒప్పుకుంది. వచ్చే శుక్రవారం వంట పెట్టుకుందామన్నాను. చేప తానే తెస్తానంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

మంచి మొదలు, అమ్మా. మీరు వస్తానన్న రోజున తప్పక వెళ్లండి, వెళ్లలేకపోతే ముందే కబురు పంపండి. వేరే దేశానికి పంపిస్తామనో కార్డు ఇప్పిస్తామనో ఎవరి తరఫునా మాట ఇవ్వకండి. రెండు వారాల తరువాత నిద్ర ఎలా ఉందో ఇక్కడ రాయండి.