అప్‌డేట్: తమ్ముడి మోకాలి వాపు, బయాప్సీ ఫలితం వచ్చింది

రాత్రిళ్లు ఎక్కువయ్యే మోకాలి నొప్పి, తగ్గని వాపుతో బాధపడుతున్న మా 16 ఏళ్ల తమ్ముడి గురించి రెండు నెలల క్రితం అడిగాను. ఆటలో తగిలిన దెబ్బే అనుకుని గాజువాకలో కట్లు కట్టించామని కూడా రాశాను. ముందు ఎక్స్‌రే తీయించమన్న వారందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అది ఆస్టియోసార్కోమా, అంటే ఎముకలో పుట్టే క్యాన్సర్. తొడ ఎముక కింది చివర వచ్చింది. ఎమ్మారై తర్వాత అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాం. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: బయాప్సీ (కణితి నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఎక్కడ పడితే అక్కడ చేయించకండి. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు మిగలవచ్చు కనుక, తర్వాత ఆపరేషన్ చేసే బృందమే సూది గుచ్చే చోటును నిర్ణయించాలి. ఇది మాకు ముందు తెలియదు.

ఈ క్యాన్సర్ ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకుతుంది కాబట్టి ఛాతీకి సీటీ స్కాన్ కూడా తీశారు. అక్కడ ఏమీ లేదు. ఆ రోజు అమ్మ చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది.

ఇప్పుడు కీమో నడుస్తోంది, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ ఇస్తున్నారు. సుమారు 10 వారాలయ్యాక ఆపరేషన్. కాలు తీసేయకుండా, కణితి ఉన్న ఎముక భాగాన్ని తొలగించి లోహపు కీలు అమరుస్తామన్నారు. ఆ తర్వాత మళ్లీ కీమో. వాంతులకు వాడు బాగా నీరసించాడు, గోరువెచ్చని జావ ఒక్కటే తాగుతున్నాడు.