కుటుంబాన్ని పోగొట్టుకుని నేరగాళ్లని వేటాడే మార్వెల్ కామిక్స్ పాత్ర పనిషర్, అసలు పేరు ఫ్రాంక్ కాసిల్. పనిషర్ సినిమాల్లో ఫ్రాంక్‌కి న్యాయం చేసింది ఏది?

నల్లచొక్కా:
నా ఓటు 2004 థామస్ జేన్ సినిమాకే. 1989 సినిమాలో పనిషర్‌గా వేసిన డాల్ఫ్ లండ్‌గ్రెన్ ఛాతీ మీద ఆ పాత్ర గుర్తైన పుర్రె బొమ్మే లేదు, కత్తి పిడి మీద ఉందంతే. రచయిత జెర్రీ కాన్వే స్కెచ్‌లో ఛాతీకి ఒక పక్కన చిన్నగా ఉన్న పుర్రెని చిత్రకారుడు జాన్ రొమీటా ఛాతీ నిండా పరిచాడు. 1974లో అమేజింగ్ స్పైడర్-మ్యాన్ 129వ సంచికలో దిగిన రూపం అదే. దాన్ని తీసేస్తే ఇక పనిషర్ ఎక్కడ? 2004లో పుర్రె ఉంది, గార్త్ ఎన్నిస్ రాసిన 12 సంచికల కామిక్ కథలోని రష్యన్, జోన్, బంపో పాత్రలు కూడా ఉన్నాయి. పుల్ల ఐస్ సీన్ అయితే చక్ డిక్సన్ రాసిన 1992 వార్ జోన్ కామిక్ మొదటి సంచికలోదే. ముఠా మనిషి మిక్కీని తలకిందులుగా వేలాడదీసి, బ్లోటార్చ్‌తో మాంసం ముక్క కాలుస్తూ, వాడి వీపుకి మాత్రం పుల్ల ఐస్ ఆనిస్తాడు. వాడు ఒళ్లు కాలుతోందనుకుని గోల పెడతాడు. ఫ్రాంక్ బుర్ర ఎలా పనిచేస్తుందో ఆ ఒక్క సీన్ చాలు.

రీలుపెట్టె:
నల్లచొక్కా గారూ, సీన్లు తెచ్చారు, నిజమే. మూలాన్ని మార్చేశారు. కామిక్స్‌లో భార్యా ఇద్దరు పిల్లలూ సెంట్రల్ పార్కులో మాఫియా హత్య కంటబడినందుకు చచ్చిపోతారు. ఫ్రాంక్ ఎవరో ఆ ముఠాకి తెలియనే తెలియదు. 2004లో అతను ఎఫ్‌బీఐ మనిషి. అతని ఆపరేషన్‌లో నేర ముఠా నాయకుడు హోవర్డ్ సెయింట్ కొడుకు పోయాడని సెయింట్ పగబట్టి, ప్యూర్టోరికోలో వంశమంతటినీ చంపిస్తాడు. అంటే శత్రువు పేరు, చిరునామా ముందే తెలుసు. దాంతో ఇది మనం వందసార్లు చూసిన పగ కథ అయిపోయింది. దొంగ ఫైర్ హైడ్రెంట్ పెట్టి సెయింట్ భార్య కారుకి పార్కింగ్ చలానా పడేలా చేసి, భర్తకి అనుమానం రేపి, వాడి చేతే వాళ్లావిడని చంపిస్తాడు. కామిక్స్ ఫ్రాంక్‌కి ఇంత సాగదీసే ఓపిక ఎక్కడిది?

చివర చూడండి. సెయింట్ చచ్చాక ఫ్రాంక్ తుపాకీ తన మీదే పెట్టుకుంటాడు, ఎందుకంటే ఇక పని లేదు. భార్య రూపం కనబడ్డాక యుద్ధం కొనసాగిస్తానంటాడు. కామిక్స్ మొదలయ్యే చోటికి సినిమా ఆఖరి నిమిషాల్లో చేరింది. 1989 సినిమాకి పుర్రె లేకపోయినా ఐదేళ్లుగా 125 మందిని చంపిన మనిషితో మొదలవుతుంది. ఆ విషయంలో అదే నయం.

నల్లచొక్కా:
కానీ 1989లోనూ కుటుంబాన్ని చంపిన కారు బాంబు అతని కోసం పెట్టిందే కదా! పైగా రెండు గంటల సినిమాకి ఒక విలన్, ఒక ముగింపు కావాలి. పార్కులో యాదృచ్ఛికంగా జరిగిన చావుతో క్లైమాక్స్ ఎలా కడతారు?

పాతసంచిక:
2008 సినిమా వార్ జోన్ కట్టింది. పార్కు, మాఫియా హత్య యథాతథంగా ఉంచి, వాటిని గతంలోనే వదిలేశారు. కథని నడిపేది వేరు: మాఫియా మధ్యలో ఉన్న రహస్య ఎఫ్‌బీఐ ఏజెంట్‌ని ఫ్రాంక్ పొరపాటున చంపేస్తాడు. అమాయకుడి చావు తన చేతిలో జరిగింది కాబట్టి మానేద్దామనుకుంటాడు. ఆ సందేహం పూర్తిగా రే స్టీవెన్‌సన్ వేసిన ఫ్రాంక్ లోపలిదే. విలన్ జిగ్సా అతి గోల భరించాలి, అది ఒప్పుకుంటాను. సుమారు 3.5 కోట్ల డాలర్లు పెడితే కోటి దగ్గర ఆగింది, జనం చూడలేదు.

జాన్ బెర్న్‌తల్ నటన వీళ్లందరికన్నా పైమెట్టే. అయినా అతను ఫ్రాంక్‌గా వేసిన 2017 టీవీ సీరీస్ మళ్లీ పాత తప్పే చేసింది: అఫ్గానిస్థాన్‌లోని కాందహార్‌లో సైనిక రహస్యం, సొంత అధికారుల కుట్ర, కుటుంబం చావుకి ఫ్రాంకే కారణం. పార్కు సీన్ అలాగే ఉంచి, కుట్ర మొత్తం తీసేసి ఉంటే బాగుండేది.